హైదరాబాద్ నుంచి డల్లాస్: దూరం, ప్రయాణ సమయం మనమే లెక్కేసుకోవడం ఎలా

టికెట్ మీద "హైదరాబాద్ 21:50, డల్లాస్ 09:40" అని ఉంటుంది. చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కేసి, "పన్నెండు గంటలేగా టీచర్ గారూ, ఒక నిద్ర తీస్తే వచ్చేస్తుంది" అంటారు. ఆ ప్రయాణం నిజానికి 22 గంటల 20 నిమిషాలు. ఖమ్మంలో ఇంటికి తాళం వేసినప్పటి నుంచి అక్కడ కొడుకు ఇంట్లో కాళ్లు కడుక్కునే దాకా లెక్కేస్తే 35 గంటలు. ఇది తెలియకుండా బయల్దేరితే షుగర్ మాత్ర వేళ తప్పుతుంది, తిండి వేళ తప్పుతుంది, మధ్యలో విమానం మారే చోట టెన్షన్ మొదలవుతుంది.

నేను ఖమ్మంలో హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. మా కాలనీలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు టికెట్ రాగానే నా దగ్గరికి వస్తారు. నేను ఒక రూళ్ల కాగితం మీద వాళ్ల ప్రయాణం మొత్తం రాసిస్తాను. ఆ కాగితం ఎలా తయారు చేసుకోవాలో ఇక్కడ చెబుతున్నాను. ఊళ్లు మారితే అంకెలు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే.

ముందు దూరం

గోడకి వేలాడే ప్రపంచ పటం చూసి దూరం అంచనా వేయొద్దు. దాని మీద హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి స్కేలు పెట్టి గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి వెళ్తుంది. విమానం ఆ దారిన వెళ్లదు. గుండ్రటి భూమిని చదునుగా పరిచేసరికి ఉత్తరాన ఉన్న ప్రాంతాలు సాగిపోయి, దగ్గరి దారి దూరంగా, దూరపు దారి దగ్గరగా కనిపిస్తాయి.

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే తీయండి. ఒక దారం ముక్క హైదరాబాద్ మీద వేలితో నొక్కి పెట్టి, రెండో కొసని డల్లాస్ దాకా లాగి బిగించండి. బిగిసిన దారం తనంతట తానే దగ్గరి దారి పట్టుకుంటుంది. ఈ రెండు ఊళ్ల మధ్య అయితే అది దాదాపు ఉత్తర ధ్రువం పక్కగా వెళ్తుంది. గ్లోబు అడ్డకొలత 30 సెంటీమీటర్లయితే దారం మీద ఒక సెంటీమీటరుకి సుమారు 425 కిలోమీటర్లు. కొలిస్తే 34 సెంటీమీటర్లు వస్తుంది, అంటే దాదాపు 14,450 కిలోమీటర్లు. క్లాసులో ఎనిమిదో తరగతి పిల్లల చేత ఇది చేయించేదాన్ని. దారం అమెరికా వైపు తిరక్కుండా నేరుగా పైకి వెళ్తుంటే వాళ్ల కళ్లు పెద్దవయ్యేవి.

గ్లోబు లేకపోయినా ఈ జంటకి నోటి లెక్క ఉంది. హైదరాబాద్ రేఖాంశం 78 డిగ్రీలు తూర్పు, డల్లాస్ 97 డిగ్రీలు పడమర. కలిపితే 175. భూమికి సరిగ్గా అవతలి పక్క అంటే 180, అంటే ఇవి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. అలాంటప్పుడు దగ్గరి దారి ధ్రువం మీదుగానే. హైదరాబాద్ అక్షాంశం 17, అక్కణ్ణుంచి ధ్రువం దాకా 73 డిగ్రీలు. ధ్రువం నుంచి డల్లాస్ అక్షాంశమైన 33 దాకా 57 డిగ్రీలు. మొత్తం 130. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు. గుణిస్తే 14,430. కంప్యూటర్ సూత్రం పెట్టి చేస్తే శంషాబాద్ నుంచి డల్లాస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి 14,420 చిల్లర వస్తుంది. పది కిలోమీటర్ల తేడా!

ఈ నోటి లెక్క అన్ని ఊళ్లకీ పనికిరాదు. రేఖాంశాల మొత్తం 180కి దూరమయ్యే కొద్దీ తప్పు పెరుగుతుంది. చికాగోకి 150 కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, పర్వాలేదు. న్యూయార్క్‌కి ఆరు వందలు ఎక్కువ చూపిస్తుంది, అక్కడ దారమే నయం. లేదంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైట్‌లో రెండు విమానాశ్రయాల కోడ్‌లు కొడితే దూరం, దారి రెండూ వస్తాయి. హైదరాబాద్‌కి హెచ్‌వైడీ, మీరు దిగేదానికి డీఎఫ్‌డబ్ల్యూ. డల్లాస్‌లో లవ్ ఫీల్డ్ అని ఇంకో విమానాశ్రయం ఉంది, దాని కోడ్ డీఏఎల్. ఊరి పేరు కొట్టకుండా కోడ్ కొట్టడం అందుకే మంచిది. అక్కడ దూరం మైళ్లలో కనిపిస్తే 1.609తో, నాటికల్ మైళ్లలో కనిపిస్తే 1.852తో గుణించి కిలోమీటర్లు చేసుకోండి. మన దూరం సుమారు 8,960 మైళ్లు, 7,790 నాటికల్ మైళ్లు.

ధ్రువం మీదుగా నిజంగా విమానాలు వెళ్తాయా అని అడుగుతారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఆగకుండా నడిపిన మొదటి విమానం ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పైలట్లందరూ మహిళలే, వాళ్లలో మన తెలుగమ్మాయి పాపగారి తన్మయి కూడా ఉంది. ఆ వార్త చదువుతూ ఎంత పొంగిపోయానో చెప్పలేను. దాని టైమ్ లెక్క కూడా చూడండి. తొమ్మిదో తేదీ రాత్రి ఎనిమిదిన్నరకి అక్కడ బయల్దేరి, పదకొండో తేదీ తెల్లవారుజామున నాలుగింటి లోపు ఇక్కడ దిగింది. తేదీలు చూస్తే రెండు రోజులు అనిపిస్తుంది, గాల్లో ఉన్నది మాత్రం పదిహేడు గంటల పైచిలుకు. ఈ చిక్కుముడి ఎలా విప్పాలో కింద చెబుతాను.

దూరం నుంచి గంటలు

పెద్ద విమానం పైకి చేరాక గంటకి సుమారు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. కానీ టికెట్ మీద ఉండే టైమ్ గేటు నుంచి గేటుకి. రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం, మళ్లీ గేటు దాకా పాకడం అన్నీ అందులోనే. అందుకని ఇలా వేయండి: దూరాన్ని 850తో భాగించి, అరగంట కలపండి.

దుబాయ్ నుంచి డల్లాస్‌కి దగ్గరి దారి 12,920 కిలోమీటర్లు. 850తో భాగిస్తే 15.2, అంటే పదిహేను గంటల పన్నెండు నిమిషాలు. అరగంట కలిపితే 15 గంటల 42 నిమిషాలు. టికెట్ మీద 16 గంటల దగ్గర ఉంటుంది. పడమటికి వెళ్లేటప్పుడు ఇంకో పావుగంటో అరగంటో చేర్చుకోవాలి, ఎదురుగాలి ఉంటుంది కాబట్టి.

ఆ గాలినే జెట్ స్ట్రీమ్ అంటారు. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, చలికాలంలో గంటకి 200 కిలోమీటర్లు దాటిపోతుంది. విమానాలు ఎగిరేది సరిగ్గా ఆ ఎత్తులోనే. అందుకే తిరిగి వచ్చేటప్పుడు అదే డల్లాస్–దుబాయ్ పద్నాలుగున్నర గంటల్లో అయిపోతుంది. తిరుగు ప్రయాణానికి 900తో భాగించి అరగంట కలిపితే సరిపోతుంది. "వెళ్లేటప్పుడు పదహారు, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర, టికెట్ తప్పు పడిందేమో" అని కంగారు పడేవాళ్లకి ఈ గాలి సంగతి చెప్పండి.

దగ్గరి దారి ఎప్పుడూ దొరకదు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన గగనతలాన్ని అమెరికా, ఐరోపా విమాన సంస్థలకి మూసేసింది. వాళ్లు చుట్టూ తిరిగి వెళ్లాలి. 2025 ఏప్రిల్ నుంచి మన దేశ విమానాలకి పాకిస్తాన్ ఆకాశం మూతపడి, ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లేవాటికి టైమ్ పెరిగింది. అదే ఏడాది జూన్‌లో ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటల పాటు మూసేస్తే దోహా మీదుగా వెళ్లాల్సినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కాబట్టి ప్రయాణానికి వారం ముందు ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో మీ విమానం నెంబరు కొట్టి, గత నాలుగైదు రోజులు నిజంగా ఎన్ని గంటలు పట్టిందో, ఎంత ఆలస్యంగా దిగిందో చూడండి. టికెట్ మీద రాసిన టైమ్ కన్నా నాకు దాని మీదే నమ్మకం.

ఏ ఊరి మీదుగా వెళ్లాలి

చాలామంది "దుబాయ్ మీదుగా అయితే దగ్గర, లండన్ మీదుగా అయితే చుట్టు" అంటారు. లెక్కేసి చూడండి. దుబాయ్ మీదుగా 2,550, 12,920 కలిపి 15,470 కిలోమీటర్లు. దోహా మీదుగా 15,650. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 15,380. లండన్ మీదుగా కూడా 15,380. వీటిలో అన్నిటికన్నా ఎక్కువ, అన్నిటికన్నా తక్కువ మధ్య తేడా 300 కిలోమీటర్లు కూడా లేదు. విమానంలో అది ఇరవై నిమిషాల లోపు. ఆగకుండా నేరుగా వెళ్లే దూరం కన్నా కూడా దాదాపు వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ.

అంటే దూరం చూసి దారి ఎంచుకోవడంలో అర్థం లేదు. చూడాల్సినవి రెండు. మధ్యలో ఎన్ని గంటలు కూర్చోవాలి, ఒక్క దెబ్బన ఎన్ని గంటలు గాల్లో ఉండాలి. దుబాయ్ మీదుగా అయితే నాలుగు గంటలు, తరవాత పదహారు. లండన్ మీదుగా అయితే సుమారు పది, పది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, కాళ్లు వాచేవాళ్లకి నేను రెండోదే చెబుతాను. పదహారు గంటల సీటు మామూలు విషయం కాదు, అందులో సగం దూరంలో దిగి నడిచే వీలుంటే ఒళ్లు చాలా తేలికపడుతుంది. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు ఇద్దరే వెళ్తుంటే మాత్రం గల్ఫ్ దారి మేలు. దుబాయ్, దోహా గేట్ల దగ్గర తెలుగు మాట్లాడే తోటి ప్రయాణికులు ఎవరో ఒకరు కనిపిస్తారు.

గడియారం లెక్క

టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. బయల్దేరేది మన టైమ్, దిగేది వాళ్ల టైమ్. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసే ముందు రెండింటినీ ఒకే గడియారంలోకి తేవాలి. నేను అన్నిటినీ ఇండియా టైమ్‌లోకి తెస్తాను, ఎందుకంటే మందులు వేసుకునే ఒంటికి తెలిసింది ఆ టైమే.

భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. మన దేశం టైమ్ లెక్క 82.5 డిగ్రీల రేఖాంశం మీద ఆధారపడింది, అది మన కాకినాడకి చాలా దగ్గర నుంచి పోతుంది. డల్లాస్ వాళ్ల టైమ్‌కి ఆధారం పడమర 90 డిగ్రీలు. కలిపితే 172.5, పదిహేనుతో భాగిస్తే సరిగ్గా పదకొండున్నర. చలికాలంలో డల్లాస్ మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకి జరుపుతారు, అప్పుడు పదిన్నర గంటలే. ప్రయాణం ఏ నెలలోనో చూసి ఈ రెండింటిలో ఏది వేయాలో ముందు తేల్చుకోండి. దుబాయ్ ఎప్పుడూ మనకన్నా గంటన్నర వెనక, దోహా రెండున్నర, ఈ రెండు చోట్లా గడియారం జరపరు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ జరుపుతాయి, కానీ వాళ్ల తేదీలు వేరు: మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం.

ఇప్పుడు మొదట చెప్పిన టికెట్ తీసుకుందాం. జూలై నెల అనుకోండి. హైదరాబాద్‌లో బుధవారం రాత్రి 21:50కి బయల్దేరి దుబాయ్‌లో 00:20కి దిగుతుంది. దుబాయ్ 00:20 అంటే మన 01:50. అంటే మొదటి విమానం నాలుగు గంటలు. దుబాయ్‌లో 02:40కి రెండో విమానం, మన టైమ్ 04:10. మధ్యలో ఆగింది రెండు గంటల ఇరవై నిమిషాలు. డల్లాస్‌లో ఉదయం 09:40కి దిగుతుంది. దానికి పదిన్నర కలిపితే మన టైమ్‌లో గురువారం రాత్రి 20:10. అంటే రెండో విమానం పదహారు గంటలు. నాలుగు, రెండు ఇరవై, పదహారు కలిపితే 22 గంటల 20 నిమిషాలు. బుధవారం 21:50 నుంచి గురువారం 20:10 దాకా నేరుగా లెక్కేసినా అంతే రావాలి. రెండు రకాలుగా వేసి సరిపోయిందో లేదో చూసుకోండి. తేడా వస్తే ఎక్కడో ఒక ఊరి టైమ్ మార్చడం మరిచారన్నమాట.

శాన్‌ఫ్రాన్సిస్కో విమానానికీ ఇదే పద్ధతి. జనవరిలో అక్కడి టైమ్ మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. అక్కడ తొమ్మిదో తేదీ రాత్రి ఎనిమిదిన్నర అంటే మనకి పదో తేదీ ఉదయం పది. పదకొండో తేదీ తెల్లవారుజాము దాకా లెక్కేస్తే రెండు రోజులు కాస్తా పదిహేడున్నర గంటలకి వచ్చేస్తాయి.

అర్ధరాత్రి తేదీలతో జాగ్రత్త

అన్నిటికన్నా ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మన పెద్దవాళ్లకి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. పంచాంగం అలాగే ఉంటుంది, మాటా అలాగే ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి "ఇవాళ ఏ వారం" అంటే నిన్నటి వారమే చెబుతారు. టికెట్‌కి మాత్రం రాత్రి పన్నెండు దాటితే కొత్త తేదీ. హైదరాబాద్ నుంచి బయటి దేశాలకి వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే ఉంటాయి. "15వ తేదీ 03:30" అని ఉంటే ఇంటి నుంచి బయల్దేరాల్సింది 14వ తేదీ సాయంత్రం. 15న సామాను సర్దుకుందాంలే అని కూర్చుంటే విమానం అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

కాగితం మీద తేదీ ఒక్కటే రాయకుండా, "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం" అని వారంతో సహా రాయండి. ఆ ఒక్క వరస పెద్దవాళ్లకి, కారు డ్రైవర్‌కి, అమెరికాలో ఎదురుచూసే పిల్లలకి అందరికీ ఒకేలా అర్థమవుతుంది. టైమ్ కూడా ఏఎం, పీఎం పెట్టకుండా రైల్వే టైమ్‌లో రాయండి.

కాగితం

నేను రాసిచ్చేది ఇలా ఉంటుంది. ఎడమవైపు మన టైమ్ పెద్ద అక్షరాలతో, పక్కన ఆ ఊరి టైమ్ చిన్నగా.

బుధవారం 12:00 – ఖమ్మంలో ఇంటి నుంచి. సూర్యాపేట దగ్గర భోజనం.
18:00 – శంషాబాద్.
21:50 – విమానం.
గురువారం 01:50 – దుబాయ్ దిగడం (అక్కడ 00:20).
04:10 – దుబాయ్ నుంచి (అక్కడ 02:40).
20:10 – డల్లాస్ దిగడం (అక్కడ గురువారం ఉదయం 09:40).
23:00 – ఇంట్లో (అక్కడ మధ్యాహ్నం 12:30).

మొదటి వరస నుంచి ఆఖరి వరసకి 35 గంటలు. మీ ఊరు బట్టి మొదటి వరస మారుతుంది. ఖమ్మం నుంచి శంషాబాద్‌కి మామూలుగా నాలుగున్నర గంటలు, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేస్తే ఊళ్లోకి వెళ్లే పని లేదు. సంక్రాంతి అయిపోయిన రెండు మూడు రోజులు మాత్రం పంతంగి టోల్ దగ్గర హైదరాబాద్ వైపు బారులు తీరుతాయి, అప్పుడు ఇంకో రెండు గంటలు ముందే కదలండి. ఆఖరి వరసలో ఇమ్మిగ్రేషన్‌కి, సామానుకి కలిపి రెండు గంటలు వేశాను. ఫ్రిస్కో అక్కణ్ణుంచి ముప్పావుగంట లోపే.

ఈ కాగితం మీదే మందులు రాస్తాను. బీపీ మాత్ర రోజూ ఉదయం ఎనిమిదికి వేసుకునేవాళ్లయితే గురువారం 08:00 దగ్గర, అంటే విమానం దుబాయ్ వదిలిన నాలుగు గంటలకి, "బీపీ మాత్ర" అని ఎర్ర పెన్నుతో. కిటికీ బయట చీకటిగా ఉందా వెలుతురు ఉందా అన్నది చూడక్కర్లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఈ కాగితం పట్టుకుని ముందే డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి, ఏ టైమ్‌కి ఎంత అనేది ఆయన చేతే రాయించుకోవాలి, అది సొంతంగా లెక్కేసుకునేది కాదు. మందులు చేతి సంచిలోనే ఉండాలి.

చేతి గడియారాన్ని అక్కడ ఇల్లు చేరేదాకా ఇండియా టైమ్‌లోనే ఉంచండి. ఫోన్ దిగిన ఊరి టైమ్ తనంతట తానే చూపిస్తుంది. మధ్యలో ఎక్కాల్సిన విమానానికి మాత్రం గేటు దగ్గర బోర్డు మీది టైమే ప్రమాణం.

నిద్ర గురించి ఒక మాట. దుబాయ్‌లో రెండో విమానం ఎక్కేసరికి మన ఒంటికి తెల్లవారుజాము నాలుగు. ఎక్కగానే పెట్టేది తిని వెంటనే పడుకోండి, సినిమాలు తరవాత చూడొచ్చు. అయిదారు గంటలు నిద్ర పట్టాక లేచి గంటకోసారి నడవండి, నీళ్లు తాగండి. దిగే ముందు ఇంకో రెండు గంటలు కునుకు తీస్తే, అక్కడ సాయంత్రం దాకా మెలకువగా ఉండగలుగుతారు.

మధ్యలో ఆగే టైమ్ ఎంత ఉండాలి

గేటు విమానం టైమ్‌కి పదిహేను ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు. దిగే టైమ్ అంటే విమానం ఆగిన టైమ్, మనం బయటికి వచ్చిన టైమ్ కాదు. చక్రాల కుర్చీ పెట్టుకున్నవాళ్లని అందరూ దిగాక ఆఖరున దించుతారు, అందులో అరగంట పోతుంది. మళ్లీ సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది. అందుకని పెద్దవాళ్లకి రెండు గంటల కన్నా తక్కువ ఆగే టికెట్ తీయొద్దని పిల్లలకి గట్టిగా చెబుతాను. ఆరు గంటలు దాటితే కూర్చోలేక నీరసపడతారు. రెండున్నర నుంచి నాలుగు గంటలు మంచిది.

రెండు విమానాలూ ఒకే బుకింగ్ నెంబరు మీద ఉన్నాయో లేదో చూడండి. ఒకే నెంబరయితే మొదటిది ఆలస్యమైనా తరవాతి విమానంలో పంపే బాధ్యత వాళ్లది. మా కాలనీలో ఒక పిన్నిగారికి ఒక ఏజెంటు నాలుగు వేలు తగ్గుతుందని రెండు వేరు వేరు టికెట్లు కలిపి ఇచ్చాడు. మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్లిపోయింది, కొత్త టికెట్ పూర్తి ఖరీదు పెట్టి కొనాల్సొచ్చింది. ఆమె ఒక్కతే ఆ రాత్రంతా కుర్చీలో కూర్చుందని వింటే కడుపు తరుక్కుపోయింది. నాలుగు వేలకి చేయాల్సిన పని కాదది.

అమెరికాలోనే ఇంకో విమానం మారాల్సి ఉంటే లెక్క వేరు. ఇమ్మిగ్రేషన్ మొదట దిగిన ఊళ్లోనే జరుగుతుంది. చికాగోలో దిగి డల్లాస్ వెళ్లాలంటే సామాను చికాగోలో తీసుకుని, తనిఖీ దాటించి, మళ్లీ అప్పగించాలి. అక్కడ కనీసం మూడు గంటలు ఉండాలి. అబుధాబి మీదుగా వెళ్తే మాత్రం అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుధాబిలోనే అయిపోతుంది కాబట్టి ఆ టైమ్ అక్కడ పెట్టుకోవాలి, అమెరికాలో దిగాక నేరుగా సామాను తీసుకుని బయటికి రావచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు

వెళ్లేటప్పుడు గడియారం మనకి గంటలు మిగిల్చినట్టు కనిపిస్తుంది, వచ్చేటప్పుడు రోజులు తినేసినట్టు కనిపిస్తుంది. జూలైలోనే అనుకోండి. డల్లాస్‌లో మంగళవారం 11:50కి విమానం, మన టైమ్ మంగళవారం రాత్రి 22:20. పద్నాలుగున్నర గంటలు కలిపితే మన టైమ్ బుధవారం 12:50, దుబాయ్‌లో 11:20. తరవాతి విమానం దుబాయ్‌లో రాత్రి 21:50కి, మన 23:20. మూడు గంటల ఇరవై నిమిషాల ప్రయాణం, హైదరాబాద్‌లో గురువారం 02:40. మంగళవారం పగలు ఎక్కి గురువారం తెల్లవారుజామున దిగుతున్నారు, మొత్తం 28 గంటల 20 నిమిషాలు. అందులో పదిన్నర గంటలు దుబాయ్‌లో కూర్చోవడమే. గాలి గంటన్నర మిగిలిస్తే టికెట్ పదిన్నర గంటలు తీసుకుంది. ఇలాంటి టికెట్ చవగ్గా దొరికితే ఆ మిగిలిన డబ్బులతో విమానాశ్రయం లోపలే ఉండే హోటల్ గది కొన్ని గంటలకి తీసుకోవచ్చేమో చూడమని పిల్లలకి చెప్పండి, నడుం వాల్చడానికి చోటు దొరుకుతుంది.

దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను అయ్యి బయటికి వచ్చేసరికి గురువారం నాలుగవుతుంది. ఖమ్మం నుంచి కారు పిలిపించుకునేవాళ్లు డ్రైవర్‌కి "గురువారం రా" అనకండి. "బుధవారం రాత్రి భోంచేసి పదిన్నరకి బయల్దేరు, మూడున్నరకి శంషాబాద్‌లో ఉండు" అని చెప్పి, విమానం నెంబరు వాట్సాప్‌లో పంపండి. ఆలస్యమైతే అతనే చూసుకుని దారిలో ఎక్కడైనా ఆగుతాడు. రాత్రంతా మేలుకుని వచ్చినవాడు కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు చౌటుప్పల్ దగ్గర ఆపి, అతనికి టీ, టిఫిన్ పెట్టించి, కాసేపు కన్ను మూయనిచ్చాకే బండి కదలనివ్వండి.